పాహింగ్ నాటి పోత

జావా ద్వీపంలోని సెపెర్ ఊళ్లో హాజీ ముస్తకీమ్ ఫౌండ్రీలో పోసిన పంపు బాడీలకు ఐదు నెలలుగా గాలి రంధ్రాలు పడుతున్నాయి. పైకి పెళ్లికొడుకులా నిగనిగలాడే బాడీ, లోపలికి నీటి ఒత్తిడి ఎక్కించగానే గోడల వెంట చెమటలు కక్కుతోంది. ఇనుము తగినంత వేడెక్కకుండా పోయడమే కారణమని బాందుంగ్ నుంచి వచ్చిన శిక్షకురాలు బు నెందెన్, అంటే నెందెన్ అమ్మగారు, తేల్చింది. పోసినవాడు కొలిమి మేస్త్రీ ఎంబా పవిరో గనుక అపరాధి అతడేనని యజమాని తేల్చాడు. ఊరంతా ఎంబా, అంటే తాత, అని పిలిచే ఆ అరవై మూడేళ్ల మనిషిని కొలిమి దగ్గర్నుంచి తప్పించే ఉత్తరం శుక్రవారం నమాజు వేళకు సంతకం కావలసి ఉంది. పోయిన వారం మనం కథ ఆపిన చోట, పవిరో శిష్యుడు త్రియత్మో, పాడైన బాడీల తేదీలను అత్తగారింటి గోడ క్యాలెండర్లో ఒక్కొక్కటే వెతుక్కుంటూ, ప్రతి తేదీ కిందా చిన్న అక్షరాల్లో ఒకే మాట ఉండడం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పాహింగ్. జావా వాళ్ల ఐదు రోజుల సంత వారంలో రెండో రోజు. సోమ, మంగళ, బుధవారాలుగా విడగొట్టి బు నెందెన్ గీసిన రంగురంగుల పటాలకు చిక్కని దొంగ, ఐదు రోజుల వారానికి చిక్కింది. చిక్కిన దొంగ మాత్రం త్రియత్మోకు స్వయానా అత్తగారు.

శుక్రవారం ఉదయం పది గంటలకు శిక్షణ హాలులో మహాసభ తీరింది. ఆ హాలు పూర్వాశ్రమంలో సిమెంటు బస్తాల కొట్టు. గోడకు ‘పోతలో లోపాల నివారణ – వృత్తి శిక్షణ’ అని బ్యానరొకటి కట్టిన నాటి నుంచి విద్యాపీఠం హోదా అనుభవిస్తోంది. ఎంత ప్లాస్టిక్ కుర్చీనైనా సింహాసనం చేయగల దేహంతో పనివాళ్లు పాక్, అంటే అయ్యగారు, అనే యజమాని హాజీ ముస్తకీమ్ అధ్యక్ష స్థానం అలంకరించాడు. పక్కన, నొక్కితే తెర మీద ఎర్ర చుక్క వెలిగే చిన్న పరికరాన్ని రాజదండంలా పట్టుకుని బు నెందెన్. ఎదుట బెంచీల మీద తొమ్మిదిమంది బ్రహ్మచారులు. అందరికీ పెళ్లిళ్లయ్యాయి, ఇద్దరికి మనవలు కూడా ఉన్నారు; అయినా నలభై రోజులుగా బెంచీల మీద కూర్చుని నోటుపుస్తకాల్లో పెన్సిలు నాకుతూ రాసుకునేవాళ్లను మరే పేరుతో పిలవాలో తెలియడం లేదు.

వెనక గోడకు ఆనుకుని, కుర్చీ వేసినా కూర్చోకుండా, తోలు చేతి తొడుగులు చంకలో పెట్టుకుని ఎంబా పవిరో నిలబడ్డాడు. తలుపు దగ్గర, రెండు కోడిపెట్టలున్న వెదురు బుట్టను కాళ్ల మధ్య పెట్టుకుని కోర్ల గది పెద్ద, త్రియత్మో అత్తగారు సుమిలా. ఈ రోజు పాహింగ్. ఈపాటికి ఆమె సంతలో ఆ కోళ్లు అమ్ముతూ ఉండాలి. ఎందుకు ఆపారో ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పవలసినవాడు మూడో బెంచీ చివర కూర్చుని తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

“మాస్ త్రియత్మో, రండి,” అంది బు నెందెన్, అన్నగారిని పిలిచినట్టు. “ఇది మీ తుది పరీక్ష. సొంత ఫౌండ్రీలో ఒక లోపం తీసుకుని మూలం పట్టుకోవాలి. ఫారంలో రెండు గడులున్నాయి, మూలకారణం, బాధ్యులు. రెండూ నిండితేనే సర్టిఫికెట్.”

నలభై ఒక్కేళ్ల త్రియత్మో లేచాడు. బల్ల మీద సోయాగింజల టెంపె అమ్మే దుకాణం నుంచి అరువు తెచ్చిన కాటా ఉంది. పక్కన రెండు కోర్లు. పంపు కడుపు బోలుగా రావాలంటే అచ్చు నడుమ పెట్టే ఇసుక ముద్దలవి. చెరకు మడ్డి కలిపి, బిగించి, పొయ్యిలో ఎండించినవి. చూడ్డానికి రెండూ కవలలే.

“ఇది ఈ ఉదయం తీసింది. ఇది నిన్న సాయంత్రం తీసింది. నిన్నటిదాన్ని వేడి తగ్గగానే తూచి, సుద్దతో దాని మీదే రాశాను. రెండు కిలోల మూడువందల పది గ్రాములు.” కోరును కాటా మీద పెట్టాడు. “ఇప్పుడు మీరే చదవండి, బు.”

ఆమె వంగి చూసింది. మళ్లీ చూసింది. “రెండు కిలోల మూడువందల అరవై.”

“యాభై గ్రాములు పెరిగింది. రాత్రంతా గాలిలోని చెమ్మ తాగింది. చెరకు మడ్డికి ఆ గుణం ఉంది. ఇప్పుడు దీని చుట్టూ ఇనుము పోస్తే ఆ నీళ్లు ఎటు పోవాలి?”

“కాఫీలోకి,” అన్నాడు రెండో బెంచీ నుంచి గిమిన్. వయసు యాభై రెండు, ఊరి పెళ్లిళ్లన్నిటా నోరు మూసుకోనివాడు.

“ఆవిరైపోయి, బయటికి దారిలేక, ఇనుము గోడలోనే చిక్కుకుంటాయి. అవే మన రంధ్రాలు. ఇనుము వేడి చాలకపోవడం కాదు. ఎంబా పోతలో తప్పులేదు.”

బెంచీల మీద సన్నగా కదలిక. వెనక గోడ దగ్గర పవిరో తొడుగుల్ని ఒక చంకలోంచి మరో చంకలోకి మార్చుకున్నాడు, అంతే.

బు నెందెన్ మొహం వెలిగింది. తాను తేల్చినదాన్ని ఒక శిష్యుడు తలకిందులు చేస్తే వెలగగల మొహం గురువుల్లో అరుదు. అందుకు ఆమెకు ఇవ్వవలసిన మర్యాద ఇచ్చి తీరాలి. “చాలా బాగుంది,” అంది. “కానీ రోజూ రంధ్రాలు పడటం లేదే. ఏ రోజు కోర్లు ఆ రోజే వాడతారు కదా.”

“పాహింగ్ రోజున తప్ప.”

“అంటే?”

బాందుంగ్‌లో చదువుకున్న సుందా జాతి పిల్లకు జావా సంత వారంతో పనేమిటి? త్రియత్మో గోడ క్యాలెండర్ తెచ్చి బల్ల మీద పరిచాడు. సున్నా చుట్టిన తేదీలు ఐదేసి రోజులకొకటి, ఆదివారం సెలవులు పోగా, ఐదు నెలల పొడవునా మెట్లలా దిగుతున్నాయి. ఆమె ఒక్కో సున్నా మీద వేలుపెట్టి కిందికి దిగుతూ పోయింది. చివరి మెట్టు దగ్గర, “నా పటాలన్నీ వృథా,” అంది మెల్లగా.

పాక్ హాజీ గొంతు సవరించుకున్నాడు. శాస్త్రచర్చల్లో ఆయనకు ఆసక్తి పరిమితం. “సరే, చెమ్మ. బాగానే ఉంది. చెమ్మను నేను ఉద్యోగంలోంచి తీసెయ్యలేను. మూడువందల బాడీల ఆర్డరు. కొనేవాడు రెండే షరతులు పెట్టాడు. ఈ తప్పు చేసిందెవరో చెప్పాలి, సర్టిఫికెట్ ఉన్న మేస్త్రీ ఒకడుండాలి. రెండో గడి నింపు. పాహింగ్ నాడు ముందురోజు కోర్లు ఎందుకు వాడుతున్నారు?”

త్రియత్మో ఈ ప్రశ్నకు జవాబును రెండు రోజులుగా నాలుక కింద దాచుకుని తిరుగుతున్నాడు. గురువును బయటకు లాగాలంటే అత్తగారిని లోపలికి తోయాలి. ఆమె ఇంట్లోనే అన్నం తింటున్నాడు. సాయంత్రం మళ్లీ తినాలి.

“ఆ రోజు,” అన్నాడు, “కోర్ల పెద్ద సంతకు వెళ్తారు. అందుకని కోర్లు ముందురోజే చేసి పెడతారు.”

తొమ్మిది తలలూ, అధ్యక్షుడి తలతో సహా, తలుపు వైపు తిరిగాయి. బుట్టలో ఒక కోడి క్లక్కుమంది.

“అబ్బో,” అంది సుమిలా. లేవలేదు, గొంతు పెంచలేదు. “నలభై రోజులు బెంచీ అరగదీసి నా అల్లుడు కనిపెట్టింది ఇదా? నేను సంతకెళ్తానని? ఈ పెట్టల్ని అడిగినా చెప్పేవి కదా.”

“అమ్మా, నేను మిమ్మల్ని...”

“ఉండు, లె.” కొడుకులు లేని ఆమె అల్లుణ్ని కొడుకును పిలిచినట్టే పిలుస్తుంది, కోపంలో కూడా. “పాక్ హాజీ, నేను సంతకెళ్లడం మీ నాన్నగారి హయాం నుంచి ఉంది. ఆయనే ఒప్పుకున్నారు. ఇరవై రెండేళ్లు. ఇరవై రెండేళ్లూ పాహింగ్ నాడు ముందురోజు కోర్లే వాడారు. మరి రంధ్రాలెప్పట్నుంచి?”

“ఐదు నెలలు,” అన్నాడు హాజీ, తనకు తెలియకుండానే.

“అంతకు ముందు పాహింగ్‌లన్నీ ఏమైపోయాయి? అప్పటి కోర్లు చెమ్మ తాగలేదా?” ఆమె బు నెందెన్ వైపు తిరిగింది. “ఈ కిటికీ అవతలే కూర్చుని నేను కోర్లు చేసుకుంటాను, తల్లీ. ఫీజు కట్టకుండా నీ పాఠాలన్నీ విన్నాను. లోపం కనబడితే మనిషిని వెతక్కండి, ఏం మారిందో వెతకండి అన్నావు. అన్నావా లేదా?”

“అన్నాను, బు.”

“నా అల్లుడు తిన్నగా నన్ను వెతికాడు. మార్కులు ఎన్ని వేస్తావో నీ ఇష్టం.”

గిమిన్ నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. బు నెందెన్ ఎర్ర చుక్క పరికరాన్ని బల్ల మీద పెట్టేసింది. “ఆవిడ చెప్పింది నిజం. మాస్, ఐదు నెలల కింద ఇక్కడ ఏం మారింది?”

అప్పుడు ఆ సభలో ఒక విశేషం జరిగింది. ఎనిమిదిమంది విద్యార్థులు ఏకకాలంలో ఎనిమిది రకాల పనుల్లో మునిగిపోయారు. ఒకడు టీ గ్లాసు మీది మూత తీసి లోపల ఏదో పోగొట్టుకున్నట్టు చూశాడు. ఒకడు పెన్సిలు ముక్కును పరీక్షించాడు. మాటకారి గిమిన్‌కు ఉన్నట్టుండి కప్పు రేకులు లెక్కపెట్టవలసిన అవసరం తోచింది. సెపెర్‌లో మనిషి మొహం మీద అతడి తప్పు చెప్పడం పగిలిన పోత కంటే అసహ్యమైన వస్తువు. మూడు తరాలుగా ఇనుము కరిగించినవాళ్లు ఈ ఒక్క మర్యాదను మాత్రం కరగనివ్వలేదు. వాళ్లు చూడకూడదనుకుంటున్నది ఏమిటో వెతుకుతూ త్రియత్మో చుట్టూ చూశాడు. ఎవరూ చూడకుండా వదిలిన వస్తువు ఆ గదిలో ఒక్కటే ఉంది. తను.

అతడు కిటికీ అవతలి కోర్ల పొయ్యికేసి చూశాడు.

పలక. కోర్ల పొయ్యి వెనక గోడకు ఒకప్పుడు కొట్టి ఉన్న టేకు పలక. ముప్పై ఏళ్ల మసితో నల్లబడి, వంకరపోయి, ఎప్పుడు తాకినా పాలగిన్నెలా వెచ్చగా ఉండేది. మిగిలిన కోర్లన్నీ మర్నాటి దాకా దాని మీదే ఉండేవి. ఐదు నెలల కింద, ఈ నలభై రోజుల తరగతులకు చాలా ముందే, ఇదే శిక్షణలో మొదటి దశ, శుభ్రత, క్రమం. ఏ వస్తువుకు ఆ చోటు. త్రియత్మో స్వయంగా గడ్డపలుగు పెట్టి ఆ పలకను పీకాడు. ఉత్తరం వైపు గదిలో, కడుగుడు తొట్టి గోడకు ఆనించి, కొత్త ఇనుప ర్యాకు నిలబెట్టి, ఆకుపచ్చ రంగు వేసి, నేల మీద పసుపు గీతలు గీశాడు. ‘ముందు’, ‘తర్వాత’ అని రెండు ఫోటోలు తీశారు. జిల్లా మొత్తానికి మొదటి బహుమతి వచ్చింది. ఆ బహుమతి, అన్నం వండే కరెంటు కుక్కరు, అత్తగారి వంటింట్లో రోజూ రెండు పూటలా అతడి కీర్తిని ఆవిరి రూపంలో వెదజల్లుతోంది.

మెల్లగా వెనక్కి తిరిగాడు. “ఎంబా. మీకు తెలుసు.”

“ఏమో, లె. ముసలి కళ్లు.”

“మీకు మొదట్నుంచీ తెలుసు.”

పవిరో గోడ మీంచి వీపు తీసి కాసేపు తొడుగుల కుట్లను చూసుకున్నాడు. “అంత సంతోషంగా రంగు వేసుకుంటున్నావు,” అన్నాడు చివరికి. “ఎలా చెప్పేది?”

త్రియత్మో బల్ల దగ్గరికి వెళ్లాడు. ఈసారి నాలుక కింద దాచడానికి ఏమీ లేదు. “పాక్ హాజీ, పొయ్యి గోడ పలక పీకింది నేను. కోర్లను చెమ్మ గదికి మార్చింది నేను. అత్తగారు కాదు, ఎంబా కాదు. రెండో గడిలో నా పేరు రాయించండి.”

సుమిలా అల్లుడి మొహం చూసి బుట్ట మూత సర్దుకుంది.

హాజీ ముస్తకీమ్ కూడా ఆ మొహాన్ని చూశాడు. ఆయన మూర్ఖుడు కాదు. మూడువందల బాడీల ఆర్డరూ, దానికి కావలసిన ఒకే ఒక్క సర్టిఫికెట్ మేస్త్రీ ఎదురుగా నిలబడి తన మెడలో తానే తాడు వేసుకోవడమూ, రెండూ ఆయనకు ఒకేసారి కనబడ్డాయి.

“కూర్చో,” అన్నాడు.

“నిజం చెబుతున్నాను, పాక్.”

“నువ్వు చెప్పేది నిజమో, గురుభక్తో నాకెలా తెలుస్తుంది? పంతొమ్మిదేళ్లు ఈ ముసలాయన దగ్గర పని నేర్చుకున్నావు. ఆయన కోసం కొలిమిలో దూకమన్నా దూకుతావు, ఊరంతా ఎరుగుదురు. తప్పు చేసినవాడికే సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఫారంలో నీ పేరు పడితే నీకది రాదు. ఈ బెంచీల్లో మేస్త్రీ పనికి తగినవాడివి నువ్వొక్కడివే, నీకు రాకపోతే ఆర్డరు పక్క ఫౌండ్రీకి పోతుంది. నలభై కుటుంబాలు. ఒట్టి మాట మీద అంత పని చెయ్యమంటావా? ఏమిటి రుజువు?”

“రుజువుంది. ఏ వస్తువు కదిపినా మార్పు పత్రం రాయాలని బు నెందెన్ నియమం. పలక పీకే ముందు నేను రాశాను. తేదీ ఉంది, నా సంతకం ఉంది. ఆవిడ ఫైల్లోనే ఉంటుంది.”

“ఉంటే చూపించు. కాగితం ఉంటే ఎంబాను తప్పించే ఉత్తరం చించేస్తాను. లేకపోతే సంతకం పెట్టేస్తాను. నమాజు టైమవుతోంది.”

బు నెందెన్ లావుపాటి నీలం ఫైలు తెరిచింది. మూర్తీభవించిన క్రమశిక్షణ అది. నెలనెలకూ ఒక రంగు అట్ట, అట్టకొక చీటీ. ఆమె వేళ్లు తడుముకోలేదు. వెనక నుంచి ఐదో రంగు దగ్గర ఆగాయి, ఒక కాగితం ఎత్తాయి, అక్కడే నిలిచిపోయాయి.

త్రియత్మో బల్లకు ఇవతల నిలబడ్డాడు గనుక ఆ కాగితం అతడికి తలకిందులుగా కనబడింది. తన గుండ్రని అక్షరాలు. వాటి కింద తన సంతకం. దాని కింద, అతడు పూర్తిగా మరచిపోయిన మరో రెండు పంక్తులు. ‘కొత్త చోట చెమ్మ ఉన్నదా అని పరిశీలించితిరా?’ అన్న ప్రశ్నకు ఎదురుగా ఆకుపచ్చ సిరాతో ఒక టిక్కు. ‘ఆమోదించినవారు’ అన్న చోట అదే ఆకుపచ్చ సిరాతో, మొదటి అక్షరం గాలిపటం తోకలా సాగదీసిన సంతకం. బోర్డు మీద ప్రతి పాఠం చివరా నలభై రోజులుగా అతడు చూస్తున్న సంతకం.

ఈ నెలాఖరుకు ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ సంతోషంలో బుధవారమే తరగతికంతటికీ అరటిపండు బజ్జీలు పంచింది. ఒకటి ఎక్కువ తీసుకోమని త్రియత్మోను బలవంతపెట్టింది కూడా. పలక పీకిన రోజు ఉత్తరం వైపు గదికి ఆమె వెళ్లలేదు. వాన పడుతోంది; గది చూడకుండానే, ఫోటో చూసి టిక్కు పెట్టింది. అతడికి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆమెకూ ఇప్పుడే గుర్తొచ్చిందని ఆ ఆగిన వేళ్లు చెబుతున్నాయి.

మిగతావాళ్లకు ఫైలు అట్ట అడ్డం. అట్ట చాటున కాగితం రింగుల్లోంచి చప్పుడు లేకుండా ఊడింది, బల్ల అంచు దిగింది, ఆమె కుర్చీ పక్కనున్న సంచిలోకి జారింది. ఆమె మొహంలో ఒక్క గీత కదలలేదు. తర్వాత ఫైలులో మరో మూడు పేజీలు తిప్పింది, నిదానంగా, వెతికేవాళ్లు తిప్పినట్టే.

“కనబడటం లేదు, పాక్ హాజీ,” అంది. “అప్పట్లో కొన్ని పత్రాలు నాకు అందలేదు.”

హాజీ నిట్టూర్చాడు. అందులో బాధ ఎంతో ఉపశమనం ఎంతో కాటా పెట్టినా తేలేది కాదు. జేబులోంచి ఉత్తరం తీసి మడత విప్పాడు. పవిరో వెనక నుంచి బెంచీల మధ్యగా నడిచి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తోలు తొడుగులు రెండూ జతగా సర్ది, వేళ్లు యజమాని వైపు ఉండకుండా తిప్పి, బల్ల మీద పెట్టాడు.

అప్పుడు బు నెందెన్ అదే ఫైలు చివర్నుంచి ఒక గట్టి అట్ట కాగితం తీసింది. బంగారు అంచు, అలంకారపు అక్షరాల్లో త్రియత్మో పూర్తి పేరు, సంస్థ ముద్ర, ఆకుపచ్చ సంతకం. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. తేదీ ఒక్కటే ఖాళీ. దాన్ని అతడి వైపు తిప్పి పెట్టి, పెన్ను మూత తీసి, ఆ ఖాళీలో అంకెలు వేయడం మొదలుపెట్టింది. కళ్లెత్తి అతడికేసి చూసింది. ఆ కళ్లలో బెదిరింపు లేదు. ఉంటే అతడి పని సులువయ్యేది.

“ఆఖరిసారి అడుగుతున్నాను, త్రియత్మో,” అన్నాడు హాజీ, ఉత్తరం మీద పెన్ను ఆనించి. “ఆ కాగితం ఉందా, లేదా?”

గదిలో ఎనిమిదిమందీ మళ్లీ నేల చూపులు చూస్తున్నారు. బల్ల మీద రెండు పెన్నులు ఒకేసారి కదలడానికి సిద్ధంగా ఉన్నాయి. త్రియత్మో సంచి వైపు చూశాడు, పవిరో ఖాళీ చేతుల వైపు చూశాడు, నోరు తెరిచాడు. మిగతాది వచ్చే వారం.